జనవరిలో ఒంటరిగా జపాన్, 11 రాత్రులు: ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. జనవరి 10న నరిటాలో దిగుతున్నాను, 21న కన్సాయ్ నుంచి తిరుగు ప్రయాణం. ఒక్కదాన్నే. జపాన్ మొదటిసారి, మంచు పడే ఊరు చూడటమూ మొదటిసారే.

టోక్యో 3 రాత్రులు, సప్పోరో 2, కనజావా 2, క్యోటో 2, హిరోషిమా 1, ఒసాకా 1. శాకాహారం, గుడ్డు తింటాను. 26 అంగుళాల సూట్‌కేసు ఒకటి, వీపు సంచి ఒకటి.

అడగాలనుకున్నవి: 7 రోజుల జేఆర్ పాస్ (జపాన్ రైళ్ల పాస్) కొనాలా? చలికి ఇక్కడే కొనుక్కోవాలా, అక్కడా? తిండి దొరుకుతుందా? ఊళ్లు ఎక్కువయ్యాయా? ఏది తీసేయాలి?

పట్టాలమీద

ఊళ్ల సంఖ్య కంటే ముందు ఒక సంగతి చూడండి. చలికాలంలో జపాన్ రెండు ముక్కలు. సైబీరియా నుంచి వచ్చే చల్లగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమ పీల్చుకుంటుంది, నడుమ ఉన్న కొండలకు తగిలి పడమటి వైపంతా మంచు కుమ్మరిస్తుంది. కొండ దాటేసరికి తేమ అయిపోతుంది. అందుకే ఒకే రోజున కనజావాలో ఉరుములతో మంచు పడుతుంటే టోక్యోలో నీలాకాశం, పొడిగాలి. మీ జాబితాలో టోక్యో, ఒసాకా, హిరోషిమా ఎండ వైపు. సప్పోరో, కనజావా మంచు వైపు. క్యోటో మధ్యలో ఉంది, అక్కడ మంచు పడితే అదృష్టం.

మంచు వైపు వెళ్లే ప్రతి రోజుకీ ఆలస్యానికి చోటు ఉంచాలి. మీ ప్లాన్‌లో ఆ చోటు లేదు. ముఖ్యంగా సప్పోరో నుంచి కనజావా రోజు. షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఇప్పటికి, సప్పోరోకి చాలా దక్షిణాన ఉన్న షిన్-హకోదతె-హొకుతో దాకానే ఉంది, కాబట్టి సప్పోరోకి రాకపోకలు విమానంలోనే. అక్కడి న్యూ చితోసె ఎయిర్‌పోర్టు మంచుకు ఒక పూట ఆగిపోయిందంటే ఆ తర్వాతి హోటళ్లన్నీ జరుగుతాయి.

నా మాట: సప్పోరో తీసేయండి. మంచు చూడాలన్న కోరిక నాగానోలో తీరుతుంది, అది టోక్యో నుంచి కనజావా వెళ్లే దారిలోనే ఉంది. కగయకి అనే షిన్‌కాన్‌సెన్ బండిలో టోక్యో–నాగానో సుమారు 80 నిమిషాలు, నాగానో–కనజావా 65.

మంచుగూడు

సప్పోరో తీసేయడం సరే గానీ, కారణం చలి అనుకోకండి. నడవడానికి చలి ఊళ్లన్నిటిలోకీ సప్పోరోనే సుఖం. సప్పోరో స్టేషన్ నుంచి ఓదొరి మీదుగా సుసుకినో దాకా నేల కింద దారి ఉంది, కోటు విప్పి నడవొచ్చు. మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. అసలు కారణం మీ తేదీలు. అక్కడి మంచు పండుగ ఫిబ్రవరి మొదట్లో. జనవరి మధ్యలో వెళ్తే అది దొరకదు, విమానం రిస్కు మాత్రం అంతే ఉంటుంది.

తర్వాత ఎవరైనా ఫిబ్రవరిలో వెళ్లేవాళ్ల కోసం: అక్కడ జారిపడేది ఎక్కువగా జీబ్రా క్రాసింగుల దగ్గర. కార్ల టైర్లు తిరిగి తిరిగి మంచును అద్దంలా నునుపు చేస్తాయి. మూల మీద చిన్న పెట్టెల్లో ఇసుక సంచులు పెట్టి ఉంటాయి, ఎవరైనా తీసి తమ ముందు చల్లుకోవచ్చు. అడుగు చిన్నదిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి. మడమ ముందు ఆనితే వెనక్కి పడతారు. చేతులు జేబులో ఉండకూడదు.

కృష్ణాతీరం

సప్పోరో తీసేశాను. ఇప్పుడు: టోక్యో 4, నాగానో 1, కనజావా 2, క్యోటో 3, ఒసాకా 1. హిరోషిమా క్యోటో నుంచి ఒక రోజులో వెళ్లి రావచ్చా? పాస్ సంగతి?

గోదారి_గట్టు

7 రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000కి పెరిగింది. ఇలాంటి ప్రయాణానికి గిట్టదు. బదులుగా హొకురికు ఆర్చ్ పాస్ చూడండి: టోక్యో, నాగానో, కనజావా, క్యోటో, ఒసాకా అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. 2024 మార్చిలో 30,000 యెన్లయింది. రెండు ఎయిర్‌పోర్టుల రైళ్లూ అందులోనే వస్తాయి.

పట్టాలమీద

గోదారి_గట్టు గారూ, దారి సరిగ్గా సరిపోయింది, రోజులే సరిపోవడం లేదు. ఆ పాస్ వరుసగా 7 రోజులు. ఆవిడ నరిటాలో దిగేది 10న, కన్సాయ్ నుంచి ఎగిరేది 21న. ఏ రోజు మొదలుపెట్టినా రెండు ఎయిర్‌పోర్టు రైళ్లూ అందులో పట్టవు. 14న మొదలుపెడితే 20తో ముగుస్తుంది. విడి టికెట్ల లెక్క యెన్లలో ఇదీ, కొద్దిగా అటూ ఇటూ:

టోక్యో–నాగానో 8,300
నాగానో–కనజావా 9,000
కనజావా–క్యోటో 8,000
క్యోటో–ఒసాకా మామూలు రైలు 600 లోపు

మొత్తం 26,000 దరిదాపుల్లో ఆగుతుంది. అంటే ఈ ప్లాన్‌కి పాసే వద్దు. ఇదే దారిని 7 రోజుల్లో ముగించేవాళ్లయితే పాస్ కొనొచ్చు. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే ముందు ఈ కూడికే మళ్లీ ఒకసారి వేసుకోండి.

ఇంకా తగ్గించే దారి ఒకటుంది. జపాన్‌లో దూరపు రైలుకి రెండు టికెట్లు: దూరానికి ఒకటి (జోషాకెన్), వేగానికి ఒకటి (తొక్క్యూకెన్). టోక్యో–కనజావా 450 కి.మీ., ఆ దూరపు టికెట్టు 4 రోజులు చెల్లుతుంది, 100 కి.మీ. దాటినది కాబట్టి ముందుకు పోయే దారిలో మధ్యలో దిగి ఉండిపోవచ్చు. అందుకని దూరపు టికెట్టు టోక్యో నుంచి కనజావాకి ఒకటే కొని, వేగపు టికెట్లు మాత్రం రెండు విడిగా (టోక్యో–నాగానో, నాగానో–కనజావా) తీసుకోండి. కొన్ని వందల యెన్లు మిగులుతాయి. నాగానో గేటులో దూరపు టికెట్టు వెనక్కి వస్తుంది, అది తీసుకోవడం మరవద్దు.

గేటులో రెండు టికెట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి లోపలికి తోయాలి. ఒకటే వేస్తే తలుపులు మూసుకుంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు కంగారు పడేది ఇక్కడే.

రిజర్వేషన్ ప్రయాణానికి నెల ముందు, అక్కడి ఉదయం 10కి తెరుస్తారు. మనకు 6:30. కగయకి, థండర్‌బర్డ్ (సురుగ నుంచి క్యోటోకి మీరెక్కే బండి) రెండూ పూర్తిగా రిజర్వుడు బండ్లు, టికెట్టు లేకుండా ఎక్కి కూర్చుందామంటే కుదరదు.

హిరోషిమా: క్యోటో నుంచి 1 గంట 40 నిమిషాలు, ఒక వైపు సుమారు 11,000. వెళ్లి రావచ్చు. కానీ పోనూ రానూ 22,000 పెట్టి పొద్దు తక్కువ ఉన్న రోజున పరుగెత్తడం కంటే, నాగానో తీసేసి హిరోషిమాలో ఒక రాత్రి ఉండటమే నయం. రెండింటిలో ఒకటి ఎంచుకోండి.

కృష్ణాతీరం

నాగానోయే ఉంచుతాను. కోతులు వేడినీళ్లలో కూర్చునే చోటు చూడాలని ఉంది.

మంచుగూడు

అది జిగొకుదానీ. నాగానో స్టేషన్ తూర్పు ద్వారం నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు, సుమారు 40 నిమిషాలు. దిగాక అడవి దారిలో 1.6 కి.మీ. నడక, మంచులో 30–40 నిమిషాలు పడుతుంది. చదునైన దారే, కానీ జనం తొక్కి తొక్కి గడ్డకట్టి ఉంటుంది. బూట్ల కింద తగిలించుకునే రబ్బరు పట్టీ, దానికి ఇనుప ముళ్లు ఉండేది, తీసుకోండి. చలికాలంలో 9 నుంచి 4 దాకా తెరిచి ఉంటుంది. మొదటి బస్సులకే వెళ్లండి. మధ్యాహ్నం 2 దాటాక బయల్దేరితే తిరుగు నడక మసక వెలుతురులో పడుతుంది. సూట్‌కేసుతో ఆ దారి అసలు కుదరదు. స్టేషన్ లాకర్లో పెట్టండి, లేదా తర్వాతి హోటల్‌కి ముందే పంపేయండి.

ఇప్పుడు బట్టలు. మనవాళ్లు చేసే తప్పు ఒకే లావుపాటి కోటు, లోపల అన్నిటికంటే వెచ్చనిది. రైళ్లలో సీటు కిందే హీటరు ఉంటుంది, దుకాణాల్లో ఉక్కపోస్తుంది. లోపల చెమట పట్టి, బయటికి రాగానే ఆ తడి చల్లారి వణుకు పుడుతుంది. పొరలుగా వేసుకోండి: ఒంటికి అంటే సన్నని పొర, దాని మీద ఉన్ని స్వెట్టరో ఫ్లీసో, పైన గాలీ నీళ్లూ దూరని జాకెట్టు, జిప్పు పూర్తిగా తెరుచుకునేది. నూలు బనీను లోపలి పొరగా వద్దు, తడిస్తే ఆరదు.

యూనిక్లో బట్టల దుకాణాల్లో హీట్‌టెక్ అనే వెచ్చని లోపలి పొర మూడు మందాల్లో దొరుకుతుంది. టోక్యోకి, క్యోటోకి మొదటిది చాలు. మధ్యది నాగానోకి ఒక జత. మూడోది, అన్నిటికంటే మందమైనది, రోజంతా బయట నిలబడేవాళ్లకే. బట్టలు అక్కడే కొనండి, మొదటి రాత్రికి సరిపడా ఒక జాకెట్టు మాత్రం ఇక్కడి నుంచి.

బూట్లు మాత్రం ఇక్కడే కొని రెండు వారాలు తొడిగి అలవాటు చేసుకోండి. కనజావాకి నీళ్లు దూరని బూట్లు తప్పనిసరి. అక్కడి మంచు తడిమంచు. పైగా రోడ్డు నడుమ గొట్టాల్లోంచి భూగర్భజలం చిమ్ముతుంటారు, మంచు కరగడానికి. ఆ నీళ్లు, సగం కరిగిన మంచు కలిసి రోడ్డు అంచున చీలమండ దాకా నిలుస్తాయి. గుడ్డ బూట్లు వేసుకుంటే ఒక్క వీధి దాటేలోపు తడిసిపోతాయి. అలా తడిస్తే హోటల్లో పాత వార్తాపత్రికలు అడిగి, ఉండలు చేసి బూట్లలో కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. హెయిర్ డ్రయ్యర్ వేడి నేరుగా తగిలిస్తే అడుగు అంటు ఊడుతుంది.

వెన్నెల_బాట

కైరో గురించి ఎవరూ చెప్పలేదు చెల్లీ. వేడి పొట్లాలు అవి, 100 యెన్ల దుకాణాల్లోనూ, ఏ కన్వీనియెన్స్ స్టోర్‌లోనైనా దొరుకుతాయి. లోపల ఇనప పొడి, ఉప్పు, నీరు, బొగ్గుపొడి. కవరు చింపగానే గాలి తగిలి ఇనుము తుప్పు పడుతూ వేడి ఇస్తుంది, పది గంటల దాకా. "హరు" అంటే అంటించేది, "హరనై" అంటే అంటించనిది, జేబులో పెట్టుకునేది. అంటించేది బనీను మీదే అంటించాలి, చర్మం మీద ఎప్పుడూ వద్దు. చెయ్యి పెడితే గోరువెచ్చగానే ఉంటుంది, గంటల తరబడి ఒకే చోట ఉంటే మాత్రం లోపల కాలి బొబ్బ లేస్తుంది. పెట్టుకుని నిద్రపోకూడదు. బూట్లలోకి వేరే రకం ఉంటుంది, అదే కొనండి. మామూలుది బూటులో గాలి చాలక వేడెక్కదు.

నడుము పైన, వీపు మధ్యలో ఒకటి అంటిస్తే ఒళ్లంతా వెచ్చగా ఉంటుంది.

క్యోటో చలి వేరు. చుట్టూ కొండలు, మధ్య గిన్నెలాంటి నేల, చల్లగాలి అడుగున నిలిచిపోతుంది. "సొకొబియె" అంటారు, నేలలోంచి పైకి పాకే చలి. పైగా చాలా ఆలయాల్లో చెప్పులు విప్పి చెక్క నేల మీద నడవాలి. ఆ పలకలు మంచుగడ్డలా ఉంటాయి. సంచిలో మందపాటి ఉన్ని మేజోళ్లు ఒక జత విడిగా పెట్టుకుని, గడప దగ్గర పైన తొడుక్కోండి. లేసులున్న బూట్లయితే రోజుకు పదిసార్లు విప్పి కట్టాలి, పక్కన జిప్పు ఉన్నవి తీసుకుంటే ఆ బాధ ఉండదు.

పొద్దు లెక్క వేసుకోండి. జనవరి మధ్యలో క్యోటోలో సూర్యోదయం 7 దాటాక, అస్తమయం 5 ప్రాంతంలో. చాలా గుళ్లు 4, 4:30కే లోపలికి పంపడం ఆపేస్తాయి. అంటే రోజుకు మూడు చోట్లకంటే పెట్టుకోవద్దు. ఫుషిమి ఇనారి ఒక్కటి 24 గంటలూ తెరిచే ఉంటుంది, దాన్ని పొద్దున్నే గానీ చీకటి పడ్డాక గానీ పెట్టుకుని పగటి వెలుతురు మిగతావాటికి దాచుకోండి. జేఆర్ నారా లైన్లో ఇనారి స్టేషన్, క్యోటో నుంచి 5 నిమిషాలు. వేగపు బండి అక్కడ ఆగదు, లోకల్ ఎక్కండి.

రాత్రి మంచు పడిందని తెలిస్తే మిగతా ప్లానంతా పక్కన పెట్టి, 9కి తెరిచే వేళకి కింకాకుజీ (బంగారు గుడి) దగ్గర ఉండండి. బంగారు గోడ మీద తెల్ల కప్పు ఎండ పడగానే కరిగి చుక్కలుగా జారిపోతుంది, మధ్యాహ్నానికి మామూలు కప్పే మిగులుతుంది.

బస్సు వన్‌డే పాస్ ఇప్పుడు లేదు, పాత వీడియోలు నమ్మకండి. సబ్‌వే, బస్సు కలిసిన 1,100 యెన్ల పాస్ ఉంది.

కందిపొడి_డబ్బా

తిండి. గుడ్డు తింటారు కాబట్టి సగం గండం గట్టెక్కింది. అసలు చిక్కు "దశి". ఎండబెట్టిన కత్సువో చేపను తరిగి కాచిన నీరు అది. మిసో సూప్, ఉదోన్, సోబా నూడుల్స్, చివరికి తీపి ఆమ్లెట్టులో కూడా ఉంటుంది. పైన కూరగాయలే కనిపించినా అడుగున చేప ఉన్నట్టే. "మాంసం వద్దు" అంటే వాళ్లు ముక్కలు తీసేసి అదే పులుసు పోస్తారు, మోసం అనుకోకండి, వాళ్ల దృష్టిలో దశి చేప కిందికి రాదు. అందుకని విడిగా చెప్పాలి: "నికు మొ సకన మొ తబెమసెన్. కత్సువో దశి మొ దమె దెస్." దీన్ని జపనీస్ లిపిలో కాగితం మీద ప్రింటు తీసి ఉంచుకోండి. ఫోను చలికి చప్పున డిశ్చార్జి అవుతుంది.

నమ్మకంగా దొరికేవి: ఉమె పండు పెట్టిన ఓనిగిరి (అన్నం ముద్ద), ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు, పెరుగు, సూపర్‌మార్కెట్లో యాకిఇమో (కాల్చిన చిలగడదుంప, చలికాలంలో ద్వారం దగ్గరే వేడివేడిగా పెడతారు, లోపల జిగురుగా తేనెలా ఉంటుంది), ప్యాకెట్లో వచ్చే వండిన అన్నం. ఆ అన్నం మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. దానికి కందిపొడి, నెయ్యి ఉంటే ఇంకేం కావాలి. నెయ్యి గట్టిపడుతుంది, అన్నం వేడి మీదే కలపాలి. కొబ్బరినూనె తెచ్చుకుంటే అదీ రాయిలా అవుతుంది, వెడల్పు మూతి సీసాలో పోసుకోండి.

ఇనారిజుషీ చూడటానికి శాకాహారంలా ఉంటుంది, కానీ ఆ టోఫు సంచి దశిలో ఉడికిందే. కొంబు (సముద్రపు నాచు) ఓనిగిరిలో కూడా చేప సారం ఉండొచ్చు.

టోక్యో స్టేషన్‌లో గేట్ల లోపల టీస్ తంతన్ అని పూర్తి వీగన్ రామెన్ దుకాణం ఉంది, రైలెక్కే ముందు సరిపోతుంది. క్యోటోలో బౌద్ధ మఠాల వంట షోజిన్ ర్యోరి దొరుకుతుంది, దాని దశి కొంబు, పుట్టగొడుగులతో కాస్తారు. ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. కష్టం కనజావాలో, అది చేపల ఊరు. ఆ రెండు రోజుల తిండి క్యోటో, టోక్యో అంత తేలిక కాదు, సూపర్‌మార్కెట్ దగ్గర హోటల్ చూసుకోండి.

సామానులో చికెన్, మటన్ పచ్చళ్లు పెట్టొద్దు, మాంసం ఏ రూపంలోనూ రానివ్వరు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, పండ్లు కూడా వద్దు. పొడులు సీలు ఉన్న ప్యాకెట్లలో, పేరు చదవగలిగేలా.

గోదారి_గట్టు

పాస్ లెక్కలో పట్టాలమీద గారిదే సరి, రోజులు చూసుకోలేదు.

వీసా: 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకు ఈ-వీసా. దరఖాస్తు వీఎఫ్ఎస్ కేంద్రం ద్వారానే, వచ్చేది ఫోనులో చూపించే నోటీసు. అది ఇంటర్నెట్ ఉన్నప్పుడు తెరిచి చూపాలి, స్క్రీన్‌షాట్, ప్రింటు చెల్లవు. కాబట్టి ఈ-సిమ్ ఇక్కడే ఎక్కించుకోండి. విజిట్ జపాన్ వెబ్ సైటులో ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలు నింపి క్యూఆర్ కోడ్ తీసి ఉంచండి.

మందులు: జలుబు మాత్రల స్ట్రిప్పు వెనక చదవండి. సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటినది తీసుకెళ్లడం అక్కడ నేరం. చలికాలం కదా అని మన ఇంట్లో డబ్బాలోవి గుప్పెడు వేసుకుని వెళ్లొద్దు. పారాసిటమాల్ చాలు.

కార్డు: బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, ఏటీఎం రెండూ విడివిడిగా ఆన్ చేయాలి. నగదు 7-ఎలెవెన్ ఏటీఎంలలో. ఇక్కడ కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో మొబైల్ సూయికా (రైలు గేటులో తట్టే కార్డు, ఫోను రూపంలో) పనిచేయదు. ప్లాస్టిక్ ఐసీ కార్డు తీసుకుని నోట్లతో నింపుకోండి. టోక్యోలో తట్టి లోపలికెళ్లి క్యోటోలో తట్టి బయటికి రావడం కుదరదు, కార్డు ఒక ప్రాంతం లోపలే పనిచేస్తుంది.

ఇంకోటి. జనవరి రెండో సోమవారం సెలవు. మ్యూజియాలు మామూలుగా సోమవారం మూస్తారు, సోమవారం సెలవొస్తే తెరిచి మంగళవారం మూస్తారు. మీ టోక్యో రోజులు సరిగ్గా అక్కడే పడుతున్నాయి.

వెన్నెల_బాట

సూట్‌కేసు సంగతి. 14న పొద్దున టోక్యో హోటల్ కౌంటర్లో తక్క్యూబిన్ (సామాను ఇంకో ఊరికి పంపే సేవ) అడుగు చెల్లీ. చీటీ ఇస్తారు: క్యోటో హోటల్ పేరు, చిరునామా, ఫోను, నీ బుకింగ్ పేరు, చెక్-ఇన్ తేదీ 17, అందాల్సిన తేదీ. పెట్టెను బట్టి 2,000–3,000 యెన్లు. నాగానో, కనజావా మూడు రాత్రులకు వీపు సంచి చాలు. మంచు ఎక్కువైతే బండ్లు ఆలస్యమవుతాయి, అందుకని అందాల్సిన తేదీ ఒక రోజు ముందుగా, 16 అని రాయి. క్యోటో హోటల్‌కి ముందే ఒక మెయిల్ పెట్టు, ఉంచుతారు. పాస్‌పోర్టు, డబ్బు, మందులు ఆ పెట్టెలో పెట్టకు. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, అక్కడ చట్టం.

గదిలో హీటరు రాత్రంతా వేస్తే గొంతు ఎండి పొద్దున్నే నొప్పి. కౌంటర్లో "కషిత్సుకి" అడిగితే తేమ యంత్రం ఇస్తారు. లేకపోతే స్నానం చేసిన తువ్వాలు తడిపి పిండి మంచం పక్కన ఆరవేయి. రిమోట్‌లో ఎర్ర బటన్ వేడి, నీలం చల్లదనం.

రద్దీ వేళ రైళ్లలో ఆడవాళ్లకు విడిగా బోగీ ఉంటుంది, ప్లాట్‌ఫారం నేల మీద గులాబీ రంగు గుర్తు చూడు. ఒంటరిగా తినడానికి ఎవరూ వింతగా చూడరు, సగం దుకాణాల్లో కౌంటరు సీట్లే. సంప్రదాయ సత్రాలు (ర్యోకాన్) కొన్ని మాత్రం ఒక్కరికి గది ఇవ్వవు.

కృష్ణాతీరం

ఒక్కొక్కటీ రాసుకున్నాను, అందరికీ ఎంతో ఋణపడి ఉన్నాను. చివరిగా ఒకటి: 17న కనజావా నుంచి క్యోటో. సురుగలో బండి మారాలంటున్నారు. మారే సమయం 8 నిమిషాలే చూపిస్తోంది. మంచు వల్ల ఆలస్యమైతే?

పట్టాలమీద

8 నిమిషాలు చాలు, వీపు సంచి ఒకటే ఉంటుంది కదా. 2024 మార్చి 16న షిన్‌కాన్‌సెన్ సురుగ దాకా వచ్చింది, అప్పటి నుంచి ఈ మార్పు తప్పడం లేదు. షిన్‌కాన్‌సెన్ ప్లాట్‌ఫారాలు పైన, థండర్‌బర్డ్ సరిగ్గా కింద. బండి దిగి, ఎస్కలేటర్ మీద రెండో అంతస్తుకి, అక్కడ మార్పిడి గేటులో చేతిలో ఉన్న టికెట్లన్నీ కలిపి వేసి, వెనక్కి వచ్చినవి తీసుకుని, మళ్లీ ఎస్కలేటర్ కిందికి. ఎస్కలేటర్ దగ్గర వరుస కడతారు కాబట్టి, సురుగ రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడండి. రెండు టికెట్లూ ఒకే బుకింగులో కొనండి.

ఆలస్యమయ్యేది ఎక్కువగా సురుగ దాటాకే. బివా సరస్సు పడమటి ఒడ్డున కొసెయి లైనుంది, హిర కొండల మీంచి దిగే గాలికి అక్కడ బండ్లు ఆపేస్తారు, లేదా మైబరా మీదుగా చుట్టు తిప్పుతారు. చుట్టు తిప్పితే అరగంట పైన ఆలస్యం. అందుకని 17న కనజావాలో మధ్యాహ్నం లోపు ఎక్కండి, ఆ సాయంత్రం క్యోటోలో టికెట్టు కొన్నవి ఏమీ పెట్టుకోకండి. రెండు గంటలకు మించి ఆలస్యంగా చేరిస్తే వేగపు టికెట్టు డబ్బు మొత్తం తిరిగిస్తారు, క్యోటో గేటులో టికెట్టు మింగేయనివ్వకుండా మనిషి ఉన్న కౌంటర్ దగ్గర చూపించండి.

ముందురోజు రాత్రి జేఆర్ వెస్ట్ సైటులో నడిచే బండ్ల పట్టీ చూసి పడుకోండి. గాలి ఎక్కువుంటే రద్దు చేసే బండ్లను ముందే ప్రకటిస్తారు. మీ బండి రద్దయితే టికెట్టు కౌంటర్లో ఇచ్చేయండి, చార్జీ లేకుండా డబ్బు వాపసు ఇస్తారు, లేదా ఇంకో బండికి మార్చిస్తారు. కనజావా స్టేషన్‌లో ఆ పని చేసే వరుస పొద్దున 8 తర్వాత పెరుగుతుంది, 7కే వెళ్లండి.